నిండుగా ఉన్న తొట్టి

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న అమ్మాయిలకూ అబ్బాయిలకూ ముందే ఒక మాట. గేదె మీ డిప్లొమా చూడదు. గొర్రె మీ ఫోన్ చూడదు. మీరు కొండ తొలిచి నీళ్లు తెచ్చినా సరే, అది మూతి పెట్టి, వాసన చూసి, వెనక్కి తిరిగిందంటే మీ ఉద్యోగం అక్కడికి సున్నా.

ఇరవై తొమ్మిదేళ్లు నేను ఆ మూతుల దగ్గరే పనిచేశాను. జగ్గయ్యపేట, నందిగామ మెరక ప్రాంతాల్లోని పశువుల క్షేత్రాలకూ మేత బీళ్లకూ నీటి వసతి చూడటం మా పని. బోరు వేసేవాళ్లు వేరు. వాళ్లు లారీ తెచ్చి, ఊరంతా దుమ్ము లేపి, రెండు రోజుల్లో పోతారు. ఆ బోరు నుంచి పశువు గొంతు దాకా ఉన్న దారంతా మాది. మోటారు, ట్యాంకు, పైపు, వాల్వు, తొట్టి. యాభై ఐదో ఏట మోకాళ్లు మొరాయిస్తే స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. మోకాళ్లెలా పోయాయని అడిగినవాళ్లకు ఇప్పటిదాకా రెండు కథలు చెప్పాను. ఒకదాంట్లో చిరుతపులి ఉంది. ఇంకోదాంట్లో మున్నేరు వరద ఉంది. అసలుది ఇక్కడ రాస్తాను.

నేను కోతలు కోస్తానని నందిగామ టీ కొట్ల దగ్గర పేరు. ఆ పేరు నేను కష్టపడి సంపాదించుకున్నదే, కాదనను. ఈ రాతలో మాత్రం ఎక్కడ కోస్తున్నానో అక్కడే చెప్పేస్తాను. ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవే తక్కువ. రాజారత్నం అనే మనిషి గురించి రాస్తాను. ఇరవై తొమ్మిదేళ్లూ ఆయన్ని చూసి ఏడ్చాను. ఇప్పటికీ ఏడుస్తూనే ఉన్నాను.

ఈల

రత్నానిది వీరులపాడు దగ్గర ఊరు. మేమిద్దరం ఒకే వారంలో చేరాం. నాది పాలిటెక్నిక్ డిప్లొమా, ఆయనది ఐటీఐ ఫిట్టరు. అందుకని ఆయన నన్ను ‘మూర్తిగారూ’ అనేవాడు, నేను ‘ఏవయ్యా రత్నం’ అనేవాణ్ణి. వయసులో నాకన్నా నాలుగు నెలలు పెద్ద. కనీసం రాతలోనైనా ‘ఆయన’ అని రాస్తున్నాను.

పశువుకు నీళ్లు పెట్టేటప్పుడు ఈల వేయడం మన వైపు అందరికీ తెలిసిందే. సన్నగా, సాగదీసి, మధ్యలో ఊపిరి తీసుకుంటూ వేస్తే పశువు నింపాదిగా తాగుతుంది. మా ఊళ్లో పసివాళ్లు కూడా వేస్తారు. నాకు రాదు. ముందు పళ్ల మధ్య సందులోంచి గాలి తప్ప ఏమీ రాదు. రత్నం వేస్తే మాత్రం కట్టుగొయ్య దగ్గరున్న గేదె మేత వదిలి తల ఎత్తేది.

చేరిన ఏడాదే ఒక బీడులో ఎండిపోయిందనుకున్న బోరు రత్నం మోటారు దించి చూసేసరికి నీళ్లు పోసింది. అసలు సంగతేమిటంటే పాత మోటారు పైన వేలాడుతోంది, నీళ్లు కింద ఉన్నాయి. ఆయన ఇంకో నాలుగు పైపులు దింపాడు, అంతే. నాకు కడుపు మండి టీ కొట్లో వెటకారంగా ఒక కోత కోశాను. “రత్నం బోరు మీద వంగి ఈలేశాడంట. లోపల్నించి ఊట పైకొచ్చి, ఎవరు పిలిచిందీ అనడిగిందంట” అన్నాను.

అందరూ నవ్వుతారనుకున్నాను. ఒక్కడూ నవ్వలేదు. నెల తిరక్కుండా పెనుగంచిప్రోలు నుంచి ఒక రైతు ఆటో కట్టించుకుని వచ్చాడు.

“బోరుకు ఈలేసే రత్నంగారు మీరేనాండీ?” అని నన్నే అడిగాడు.

“కాదు.”

“ఓహో. ఆయనెప్పుడొస్తారో తెలుసాండీ? మీరు ఆయన కింద పని చేస్తారా?”

ఆ రోజు నుంచి జీవితంలో చాలా కోతలు కోశాను గానీ, ఇంకో మనిషి మీద కోయలేదు. నా నోటితో నేనే ఆయన్ని మహిమాన్వితుణ్ణి చేశాను.

గంట సేపు నిలబడటం

మా మొదటి పై అధికారి మాటలు తక్కువ మనిషి. మొదటి రోజు మా ఇద్దరినీ ఒక తొట్టి దగ్గరికి తీసుకెళ్లాడు. “స్పానర్లు కింద పెట్టండి. గంట సేపు ఇక్కడ నిలబడి చూడండి. తర్వాత నాకు చెప్పండి” అని చెట్టు కిందికి పోయి పేపరు చదువుకున్నాడు.

గంట తర్వాత నేను తొట్టి పొడవు, వెడల్పు, పైపు సైజు, వాల్వు రకం చెప్పాను. రత్నం, “బలమైన గేదెలు ముందొచ్చి తొట్టంతా ఆక్రమిస్తున్నాయి సార్. బక్కది ఒకటి మూడుసార్లొచ్చి తాగకుండా పోయింది. తొట్టి పొడుగ్గా ఉండాలి, లేదంటే రెండుండాలి” అన్నాడు.

పై అధికారి నా వైపు చూడను కూడా చూడలేదు. అప్పుడే నాకు అర్థం కావాల్సింది. అర్థం కావడానికి ఇంకా పాతికేళ్లు పట్టింది.

ఆ మధ్యలో తప్పులు బోలెడు చేశాను. తొట్లలో తేలే బంతి ఉన్న వాల్వు పెడతాం. నీళ్లు తగ్గితే బంతి దిగి వాల్వు తెరుచుకుంటుంది, నిండితే బంతి లేచి మూసుకుంటుంది. మనిషి అక్కర్లేదు. పరిటాల అవతల ఒక క్షేత్రంలో దాని మీద మూత పెట్టకుండా వచ్చాను. గేదెకు మెడ దురద పుడితే వాల్వేమిటి, కరెంటు స్తంభమేమిటి? మర్నాడు వెళ్లేసరికి బంతి ఊడిపోయి, ట్యాంకు ఖాళీ అయి, తొట్టి చుట్టూ చెరువు తయారైంది. పద్నాలుగు గేదెలు అందులో ముక్కులు మాత్రం పైకి పెట్టి పడుకుని నన్ను ఆశీర్వదిస్తున్నట్టు చూశాయి. నా ఉద్యోగ జీవితంలో పశువులు నన్ను మెచ్చుకున్న రోజు అదొక్కటే.

ఇంకొకటి. మనది సున్నపురాయి నేల. బోరు నీళ్లలో సున్నం దిగి వాల్వు నోరు ఏడాదికల్లా పూడుకుపోతుంది. కొత్తది బిగించడం కన్నా పాతది విప్పి కడగడం నేర్చుకోండి. రత్నం దగ్గర నేర్చుకున్నానని రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

రెండు తొట్లు, రెండు గీతలు

ఇక అసలు కథ. విరమణకు కొన్నేళ్ల ముందు జగ్గయ్యపేట వైపు ఒక గొర్రెల క్షేత్రానికి కొత్త పథకం వచ్చింది. పేరు చెప్పను. అంతా నాపరాయి మెరక. నడినెత్తి ఎండలో గొర్రెలు నీళ్ల కోసం దూరపు బీళ్ల నుంచి కొట్టం దాకా నడిచి రావాల్సి వచ్చేది. నడవలేక చూడి గొర్రెలు బక్కచిక్కేవి. అందుకని సోలార్ మోటారు, ట్యాంకు, అక్కణ్ణించి రెండు బీళ్లకు రెండు పైపులు, చివర రెండు తొట్లు. తొట్టిలో నీటి మట్టం ఎంతుందో చెప్పే సెన్సరు. అది ఫోన్‌లో గీతలా కనిపిస్తుంది. క్షేత్రాన్ని నడిపేది ఒక పశువైద్యురాలు, అందరం డాక్టరమ్మ అనేవాళ్లం. తూర్పు బీడు నాకు, పడమటి బీడు రత్నానికి అప్పగించింది.

నేను రెండు రోజుల్లో ముగించాను. నల్ల పైపును నేల మీదే పరిచి, తొట్టి బిగించి, ఫోన్‌లో పచ్చ గుర్తు చూపించాను. డాక్టరమ్మ అందరి ముందూ “శభాష్ మూర్తిగారూ” అంది. రత్నం మాత్రం కూలీలను పెట్టుకుని, నాపరాయిని గునపాలతో పొడిపించి, మోకాలి లోతు కాలువ తీసి పైపు పూడ్చాడు. మూడు వారాలు పట్టింది. పైగా తొట్టి మీద తాటాకు పందిరి వేశాడు.

“గొర్రెలకు పెళ్లి చేస్తున్నావా రత్నం?” అన్నాను.

“నీళ్లు కాగుతాయండి మూర్తిగారూ. మీది కూడా పూడ్చండి. కూలీలున్నారు, చేయిస్తా.”

చేయించుకోవాల్సింది. కానీ చెప్పింది రత్నం. ఆ మాటే ఇంకెవరు చెప్పినా పూడ్చేవాణ్ణి.

తర్వాత రోజూ ఫోన్‌లో రెండు గీతలూ చూసేవాణ్ణి. నా తొట్టి గీత పైన తిన్నగా ఉండేది, స్కేలు పెట్టి గీసినట్టు. రత్నం తొట్టి గీత కింద పడేది, లేచేది, మళ్లీ పడేది. నాకు ఎంత సంతోషమో చెప్పలేను. పాతికేళ్లకు రత్నం పనిలో తప్పు దొరికింది.

“నీ తొట్టి కారుతోందయ్యా” అన్నాను.

“తాగుతున్నాయండి” అన్నాడు.

“నావీ తాగుతున్నాయి. నా తొట్టి ఖాళీ అవుతోందా?”

ఆయన నా మొహం వైపు చూసి, స్పానర్ల సంచి భుజాన వేసుకుని పోయాడు.

తూర్పు బీడులో గొర్రెలు కాసేది వెంకాయమ్మ. నోరు గల మనిషి. నేను కనిపించినప్పుడల్లా, “మీ తొట్టి మా బాగుంది సారూ. అద్దంలెక్క ఉంటది. అందులో జూసి బొట్టు పెట్టుకుంటున్నా” అనేది. నేను పొంగిపోయేవాణ్ణి. ఆ మాట టీ కొట్లో కూడా చెప్పుకున్నాను. గొర్రెలు ముట్టుకోని తొట్టే అద్దంలా ఉంటుందని ఆవిడ చెబుతోందని నాకు తట్టలేదు. ఆవిడ రోజూ మధ్యాహ్నం నా బీడులోని మందను కంచె దాటించి రత్నం తొట్టికి తోలుకుపోతోంది. రత్నం గీత అంత పడటానికి అదీ కారణం. నా గొర్రెలు కూడా ఆయన నీళ్లే తాగుతున్నాయి.

ఉదయం ఏడింటి నిజం

నేను డాక్టరమ్మకు ఫోన్‌లో రెండు గీతలూ చూపించి, పడమటి తొట్టికి లీకుందని చెప్పాను. లీకు పరీక్ష అంటే ఒక రోజంతా పైవాల్వు కట్టేసి, మందను దగ్గరికి రానీయకుండా, మట్టం తగ్గుతుందేమో చూడటం. ఆ రోజుకు రెండు మందలూ తూర్పు తొట్టి దగ్గర తాగాలి. ఆవిడ సరేనంది. అప్పుడు రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండలు.

రత్నం అక్కడే ఉన్నాడు. “వద్దమ్మా. అక్కడ నీళ్లు వేడెక్కుతాయి, గొర్రెలు తాగవు” అన్నాడు.

“మూర్తిగారూ?” అంది ఆవిడ.

“ఉదయం నేనే తాగి చూశానమ్మా. చల్లగా, కుండలో నీళ్లలా ఉన్నాయి” అన్నాను.

నా జీవితంలో ఎన్ని అబద్ధాలు ఆడానో లెక్క లేదు. ఒక్క ప్రాణికీ హాని జరగలేదు. హాని చేసింది ఈ ఒక్క నిజం. నిజంగానే తాగాను. ఉదయం ఏడింటికి.

మర్నాడు రత్నం వాల్వు కట్టేశాడు. మధ్యాహ్నం నేను నందిగామలో ఫ్యాను కింద భోజనం చేస్తుంటే వెంకాయమ్మ ఫోన్ చేసింది.

“సారూ, గొర్రెలు తొట్టిలో మూతి పెట్టి ఎనక్కొస్తున్నయ్. రెండు మందలూ ఆడనే నిలబడి రొప్పుతున్నయ్.”

“తొట్టి నిండుగా ఉందమ్మా. ఇదిగో, ఫోన్‌లో చూస్తున్నా.”

“నిండుగుంటే ఏంజేసుకోను? నువ్వొచ్చి తాగు!”

ఫోన్ పెట్టేసింది. ఇరవై తొమ్మిదేళ్లలో క్షేత్రాల పనివాళ్లలో నన్ను ‘నువ్వు’ అన్నది ఆవిడొక్కతే. ఆ ‘నువ్వు’కే లేచాను. గీత మళ్లీ చూసుకుంటూ బయల్దేరాను. తిన్నగానే ఉంది.

నేను వెళ్లేసరికి రత్నం ఎవర్నీ అడక్కుండా తన వాల్వు తెరిచేశాడు. మందలు అటు మళ్లుతున్నాయి. ఆయన పందిరి కింద నిలబడి ఈల వేస్తున్నాడు. ఒక విడతకు కొన్నింటినే వదులుతున్నాడు, ఒకదాన్నొకటి తొక్కుకోకుండా. నా తొట్టి దగ్గర మాత్రం మూడు చూడి గొర్రెలు పడిపోయి ఉన్నాయి. వెంకాయమ్మ కొంగు తడిపి వాటి మూతులు తుడుస్తోంది. డాక్టరమ్మకు కబురు వెళ్లింది.

రత్నం నా దగ్గరికొచ్చాడు. “చెయ్యి పెట్టండి మూర్తిగారూ” అన్నాడు.

“పెట్టక్కర్లేదు.”

“పెట్టండి. అరచెయ్యి కాదు, పనిచేసీ చేసీ దానికి తోలు మందం. మోచెయ్యి పెట్టండి.”

చంటిపిల్లకు నీళ్లు పోసే ముందు అమ్మమ్మలు చూస్తారే, అలా మోచెయ్యి ముంచాను. వెంటనే తీసేశాను. ఇక్కడ నేను మామూలుగా అయితే అందులో కోడిగుడ్డు ఉడికిందని కోస్తాను. కోయను. టీ పొడి వేస్తే రంగు దిగేంత వేడి, అంతే. ఎండలో అర కిలోమీటరు నల్ల పైపు, నీడ లేని సిమెంటు తొట్టి. ఏ గొర్రె తాగుతుంది?

పడిపోయిన మూడింటిలో రెండు లేచాయి. ఒకటి లేవలేదు. దాని కడుపులో పిల్ల కూడా.

ఇద్దరం

డాక్టరమ్మ వచ్చి, లేవని ఆ గొర్రె దగ్గర చాలాసేపు కూర్చుంది. తర్వాత లేచి, “వాల్వు ఎవరు తెరిచారు?” అంది.

“నేనేనమ్మా” అన్నాడు రత్నం.

“మంచి పని చేశారు. ఆ నీళ్లెందుకలా కాగాయి?”

నా పేరు చెప్పడానికి ఇంతకన్నా మంచి సందు ఇరవై తొమ్మిదేళ్లలో ఆయనకు రాలేదు. వెంకాయమ్మ నోరు తెరవబోతే, ఆయన చేత్తో ఆగమన్నాడు.

“పైపు పూడ్చాలమ్మా. రేపట్నించి ఇద్దరం పూడుస్తాం” అన్నాడు.

ఇద్దరం! మోచేతికి తగిలిన వేడి సాయంత్రానికి పోయింది. ఈ మాట వేడి ఇంకా పోలేదు. తిట్టి ఉంటే తిట్టాడని ఏడ్చేవాణ్ణి, చాడీ చెప్పి ఉంటే వెధవ అనుకుని హాయిగా ఉండేవాణ్ణి. ఈలను చూసి కుళ్లుకున్నాను, పేరును చూసి కుళ్లుకున్నాను. ఆ రోజు నుంచి ఆ ఒక్క మాటను చూసి కుళ్లుకుంటున్నాను. నాకు ఆ మాట జన్మలో నోట రాదు.

పన్నెండు రోజులు తవ్వాం. కూలీలు నాపరాయి పెచ్చులు తీస్తుంటే నేను మోకాళ్ల మీద కూర్చుని పైపు సర్దాను. చిరుతపులి లేదు, వరద లేదు. నా మోకాళ్లు ఆ కాలువలో పోయాయి. నాలుగో రోజు డాక్టరమ్మ వస్తే లేచి నిలబడ్డాను.

“అమ్మా, లీకు లేదు. నేనే కుళ్లుబోతుతనంతో చెప్పాను. తాగి చూసింది కూడా పొద్దున్నే” అన్నాను.

“తెలుసు. ఆ సాయంత్రమే గీతలు మళ్లీ చూశాను. మీ గీత ఎలా ఉందో తెలుసా? ప్రాణం పోయాక ఈసీజీ అలా ఉంటుంది. పశువుల డాక్టర్ని, ముందే నేను చూడాల్సింది. మీ ఒక్కరి తప్పూ కాదు” అని కాలువలోకి తొంగి చూసి, “ఇంకా లోతుగా తవ్వండి” అని వెళ్లిపోయింది.

పిల్లలకు

సెన్సర్లు వద్దని నేను అనడం లేదు. నేను బిగించినవే మెరక ప్రాంతంలో ఇంకా పనిచేస్తున్నాయి. నీళ్లు ఎంతున్నాయో అది చెబుతుంది, ఎవరు తాగారో చెప్పదు. గీత పడుతూ లేస్తూ ఉందంటే అక్కడ ప్రాణులున్నాయి. కదలకుండా తిన్నగా ఉందంటే బండెక్కి బయల్దేరండి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం వెళ్లండి, పొద్దున వెళ్లి చల్లగా ఉందని రాయకండి. తొట్టి చుట్టూ డెక్కల గుర్తులు, పెంటికలు లేవంటే మీ తొట్టి అలంకారానికే. కాపరి మిమ్మల్ని పొగిడితే రెండోసారి అడగండి. మోచెయ్యి ముంచండి.

ఇంకొకటి, ఏ ట్రైనింగులోనూ చెప్పరు. పక్కవాణ్ణి చూసి ఏడవండి, ఫరవాలేదు, నేను బతికే ఉన్నానుగా. కానీ వాడు పైపు పూడ్చమంటే పూడ్చి, తర్వాత ఏడవండి.

ఇప్పుడు నందిగామలో మా దొడ్లో ఒక గేదె ఉంది. బోరుంది, పూడ్చిన పైపుంది, నీడలో తొట్టి ఉంది. అన్నీ నా చేత్తో చేసుకున్నవే. అయినా ఆ మహాతల్లి మధ్యాహ్నం సరిగ్గా తాగేది కాదు. మా ఆవిడ చెబితే ఈల ప్రయత్నించాను. పళ్ల సందులోంచి గాలి పోయింది. గేదె నా మొహం మీద తుమ్మింది.

అప్పుడు ఒక దొంగపని చేశాను. ఏదో వంకతో రత్నం పనిచేసే చోటికి వెళ్లి, ఫోన్‌లో ఆయన ఈల రికార్డు చేసుకొచ్చాను. ఆయన ఇంకా సర్వీసులోనే ఉన్నాడు, మోకాళ్లు కూడా బాగానే ఉన్నాయి. అదొకటి. రోజూ రెండు పూటలా ఫోన్ తొట్టి గట్టు మీద పెట్టి ఈల పెడతాను. గేదె శుభ్రంగా తాగుతుంది. మా వీధిలో నేనే ఈల నేర్చుకున్నానని చెప్పుకున్నాను. కోత ఇదీ.

మొన్న మధ్యాహ్నం అది మోగుతుండగా గేటు చప్పుడైంది. చూస్తే రత్నం. జగ్గయ్యపేట పోతూ నన్ను చూసి పోదామని ఆగాడంట. దొడ్లోకి వచ్చి, గట్టు మీది ఫోన్ వంక చూశాడు. తన ఈల తానే రెండు నిమిషాలు విన్నాడు. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది.

“ఏవండీ మూర్తిగారూ, ఫోన్‌లో నిండుగా ఉందా?” అన్నాడు.

“ఎగతాళి చెయ్యి, చెయ్యి.”

చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచెయ్యి తొట్టిలో ముంచాడు. కాసేపు ఉంచాడు. “చల్లగున్నాయండి” అన్నాడు. ఇన్నేళ్లలో ఆయన నా పని మెచ్చుకోవడం అదే మొదటిసారి. మా ఆవిడ వినాలని వంటింటి వైపు చూశాను. లేదు. పక్కింటివాళ్లకు మజ్జిగ ఇవ్వడానికి వెళ్లింది.

తర్వాత ఆయన ఫోన్ ఆపేసి, తడి మోచెయ్యి తుడుచుకుంటూ, తనే సన్నగా ఈల అందుకున్నాడు. అప్పటికే కడుపు నిండా తాగి, తొట్టికి వీపు తిప్పి నిలబడిన గేదె చెవులు కదిలించింది. వెనక్కి తిరిగింది. నా వైపు చూడకుండా నన్ను దాటుకుని వెళ్లి, మళ్లీ మూతి ముంచి తాగడం మొదలెట్టింది.

నా బోరు. నా తొట్టి. నా గేదె.